సరి సంఖ్య కిటికీల శాస్త్రం

తెలంగాణ పల్లెల్లో ఇళ్ల నిర్మాణాన్ని శాసించే గ్రంథాలు రెండు: ఒకటి భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్, రెండవది వాస్తు. మొదటిది స్థానిక నిబంధనల్లోకి ఎక్కితే తప్ప ఎవరినీ కట్టడి చేయలేని సిఫారసు కాగా, రెండవదానికి ఏ గెజిట్టూ లేకపోయినా దాన్ని మీరే సాహసం అధికారికి గాని, మేస్త్రీకి గాని లేదు. అదే ఏడాది అక్టోబరులో అలాంటి పల్లెలున్న మద్దూరు మండలం వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి మారింది. జిల్లా మారినా ఈశాన్యం మాత్రం ఈశాన్యంలోనే ఉండిపోయింది.

కోడ్ కిటికీలను కొలుస్తుంది. గాలీ వెలుతురూ రావడానికి విడిచే ఖాళీ, తలుపులు పోగా, వేడిగా పొడిగా ఉండే ప్రాంతంలో గది నేల వైశాల్యంలో పదో వంతు, మధ్యస్థ వాతావరణంలో ఎనిమిదో వంతు ఉండాలంటుంది. అంటే 120 చదరపు అడుగుల గదికి 12 నుంచి 15 చదరపు అడుగులు. వాస్తు కిటికీలను లెక్కిస్తుంది: మొత్తం సరి సంఖ్య కావాలి, చివర సున్నా రాకూడదు. కనుక తొమ్మిది కిటికీలున్న ఇంటికి మరొకటి పెట్టి గాలి పెంచుదామంటే పది అవుతుంది, పది పనికిరాదు, కాబట్టి ఉన్నవాటిలో ఒకదాన్ని ఇటుకలతో మూసేయడమే శాస్త్రసమ్మతం. వాయుదేవుడికి వాస్తు వాయవ్య మూలను ఏనాడో రాసిచ్చింది. అక్కడ నేటి సిద్ధాంతులు తరచుగా కట్టించేది మరుగుదొడ్డి.

వెనుకటి పెంకుటిళ్లకు కోడ్ లేదు. వేడిగాలి తేలికై పైకి లేస్తుంది గనుక గూనపెంకుల సందులూ, పైన విడిచిన గవాచీ పొగనూ ఉక్కనూ ఎవరూ చెప్పకుండానే బయటికి పంపేవి. స్లాబు వచ్చాక గవాచి పోయి వెంటిలేటర్ వచ్చింది, ఏసీ వచ్చాక ఆ వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం వచ్చింది. సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఊపిరితో వెలువడే కార్బన్ డయాక్సైడ్, గదిలోని గాలి ఎంత వాడేసినదో చెప్పే గుర్తు. అది పది లక్షల భాగాల్లో వెయ్యి దాటితే గాలి చెడినట్టేనని మ్యూనిక్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే తేల్చాడు. అన్నీ బిగించిన 120 చదరపు అడుగుల గదిలో నలుగురు పడుకుంటే గంటలోపే ఆ గీత దాటుతుంది. తెల్లవారి తల బరువెక్కితే వచ్చేది సిద్ధాంతే, తిరిగేది మంచమే.

బయటి గాలికి దేశం 2009లో ప్రమాణాలు ప్రకటించింది గాని, ఇంటి లోపలి గాలికి చట్టబద్ధమైన హద్దు ఏదీ పెట్టలేదు. అది వచ్చేదాకా జిల్లా యంత్రాంగం ఒక్క పని చేయవచ్చు: నేలలో ఎనిమిదో వంతు కిటికీ లేని గదిలో లక్ష్మి నిలవదని నలుగురు సిద్ధాంతుల చేత చెప్పిస్తే చాలు.