నడుంపట్టు మహావాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఒరేయ్, నడుం పట్టేసింది. కాస్త నూనె రాసి, తొక్కి పోరా.”

అవతారిక

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మంచం మీద బోర్లా పడుకున్న అమ్మమ్మ, గుమ్మంలో చెప్పులేసుకుంటున్న మనవడితో పలికిన వాక్యమిది. ముందురోజు అటక మీది ఆవకాయ జాడీని ఒక్కతే దించుతానని పంతం పట్టడం, దించడం, దించీ దించగానే నడుం కలుక్కుమనడం పూర్వకథ. వాక్యంలో జాడీ ఊసు లేదు. తప్పు తమదైనప్పుడు పెద్దలు కారణం మింగి కార్యం మాత్రమే చెప్పడం లోకమర్యాద. కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మాకు ఆ ప్రతిన చెల్లదు. నడుంనొప్పి దగ్గర మూలం పిసరంత, సలహాలు పుట్టెడు.

ప్రతిపదార్థం

ఒరేయ్ = ఫోనులో తల దూర్చిన ఓ మనవడా; నడుం = నా నడుము (నిన్ను చంకనేసుకు తిరిగినది అని ధ్వని); పట్టేసింది = కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే వంగనివ్వదు; కాస్త = ముప్పావుగంట సేపు; నూనె = వెచ్చచేసిన నూనెను (వెచ్చచేయవలసినదీ నువ్వే అని అధ్యాహారం); రాసి = పైపైన పులమక, మర్దించి; తొక్కి = దీని మీద వివాదం ఉంది, ముందు చెప్పబోతాము; పోరా = పనయ్యాక వెళ్ళు. పనయిందో లేదో తేల్చే హక్కు పడుకున్నవారిదే గనుక వెళ్ళడం అనే క్రియ ఇప్పట్లో సిద్ధించదని గ్రహించాలి.

నూనె విచారం

ఏ నూనె అన్న చోట వ్యాఖ్యాతలు నాలుగు మతాలుగా చీలారు. ఆముద మతస్థులు జిల్లేడాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి, నొప్పి మీద వేసి కట్టమంటారు. నువ్వులనూనె మతస్థులు ఇనుప గరిటెలో నూనె కాచి, దించాక కర్పూరం బిళ్ళ నలిపి వేయమంటారు. పొయ్యి మీదుండగా వేస్తే భగ్గుమంటుంది గనుక “దించాక” అన్నది ఇక్కడ ప్రాణపదం. తైల మతస్థులు మహానారాయణ తైలం, క్షీరబలా తైలం అంటూ సీసాలు వరస పెడతారు. వీరిలో పట్టుదల గలవారు కేరళ దాకా పోయి కటివస్తి చేయించుకుని వస్తారు. నడుం మీద మినప్పిండితో గుండ్రంగా గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోస్తారు. చల్లారితే తీసేసి మళ్ళీ వెచ్చనిది పోస్తారు.

నాలుగోది డబ్బా మతం. దీనికి మూలపురుషుడు మనవాడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టారు. 1908లో అదే ఊళ్ళో ఆంధ్రపత్రిక స్థాపించారు. పత్రిక చదివితే వచ్చే తలనొప్పికి మందు పదిహేనేళ్ళ ముందే సిద్ధమై ఉందని రసజ్ఞుల టిప్పణి.

డబ్బాలోని మెంథాల్ నిజానికి చర్మాన్ని చల్లబరచదు. చలిని పసిగట్టే నరాల కొసలను తట్టి, చల్లబడిందని నమ్మిస్తుంది. మిరపకాయలోని కాప్సైసిన్ వేడి విషయంలో ఇదే మాయ చేస్తుంది. కారాన్నీ కాలే వేడినీ పట్టుకునేది ఒకే గ్రాహకమని తేల్చిన డేవిడ్ జూలియస్‌కూ, ఒత్తిడిని పట్టుకునే గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. పచ్చిమిర్చి తరిగిన చేత్తో కన్ను నలుపుకున్నవారికి ఇందులో సగం శాస్త్రం అనుభవపూర్వకంగా తెలుసు.

మర్దన విచారం

శంక: నూనె చర్మం దాటి వెన్నుదాకా దిగదు కదా, సుఖం ఎక్కడినుంచి వస్తుంది?

సమాధానం: చేతినుంచి. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనేవారు 1965లో ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం లాంటిది ఉందట. స్పర్శను మోసే లావు నరాలు చురుగ్గా పనిచేస్తుంటే, నొప్పిని మోసే సన్ననరాలకు ఆ ద్వారం కొంత మూసుకుంటుంది. తర్వాతివారు వివరాల్లో సవరణలు చేశారు గాని మూలసూత్రం నిలిచింది. గడప తగిలి బొటనవేలు అదిరినప్పుడు ఎవరూ చెప్పకుండానే చెయ్యి అక్కడికి పోయి రుద్దడం దీనికి దృష్టాంతం.

అష్టాంగహృదయంలో వాగ్భటుడు రోజూ అభ్యంగం చేసుకోమని, తలకూ చెవులకూ పాదాలకూ మరీ ముఖ్యమని చెప్పాడు. అజీర్ణం ఉన్నవాళ్ళకు వద్దనీ అన్నాడు. పులిహోర, ఆవడలు తిని అరగక ముందే పలికిన మూలవాక్యం శాస్త్రవిరుద్ధం కాదా అంటే, అవును. అయినా అమ్మమ్మ వాక్యం ఆర్షప్రయోగం గనుక దిద్దరాదు.

ఇక ప్రయోగం. బొటనవేలు వెన్నుపూస మీద కాకుండా పక్కనున్న కండ వెంబడి కిందికి దిగాలి. “అక్కడ కాదు, కింద. కుడిపక్కకి రా. మరీ అంత కాదు.” ఒకచోట కండ ఉండకట్టినట్టు వేలికి తగులుతుంది. “అమ్మయ్య, అదీ!” ఆ “అదీ” వినబడిన చోట వేలు ఆగి నెమ్మదిగా ఒత్తాలి.

తొక్కుడు విచారం

“తన్ని పోరా” అని పాఠాంతరం. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తన్నితే నడుంపట్టు వదులుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. అలా పుట్టిన పాపానికి ఊరివాళ్ళందరి నడుములూ తన్నే బాధ్యత మోసినవాళ్ళున్నారు. రెండు పాఠాలూ అగ్రాహ్యాలు. ఎముకలు గుల్లబారే వయసులో బరువెత్తగానే కలుక్కుమన్నది కండ కాక వెన్నుపూసే కావచ్చు. దాని మీద మనవడి అరవై కిలోలు నిలబెట్టడం సేవ కాదు. అందుకే దాచిన జాడీ కథ డాక్టరుకు చెప్పి తీరాలి. “తొక్కి” అంటే “అరచేత్తో ఒత్తి” అని లక్షణార్థం చెప్పుకోవాలి.

పరమత ఖండనం

మర్దనతో ఒంట్లోని విషాలు బయటికి పోతాయని స్పా బోర్డులు ఘోషిస్తాయి. ఆ పని కాలేయమూ మూత్రపిండాలూ జీతం అడక్కుండా చేస్తూనే ఉన్నాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద కప్పింగ్ (కప్పులతో చర్మాన్ని పైకి పీల్చడం) మచ్చలు కనబడగానే లోకమంతా దాని వెంట పడింది. పతకాలు తెచ్చింది ఈత. క్షౌరశాలలో తల మర్దనయ్యాక మెడ పటుక్కుమనిపించడం ఉచితమే గాని, మెదడుకు పోయే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది గనుక వద్దనడమే పథ్యం.

అలాగని మర్దనను కొట్టిపారేయడం కూడా అపసిద్ధాంతమే. కొత్తగా పట్టిన నడుంనొప్పి చాలామందికి కాలంతో దానంతటదే తగ్గుతుందనీ, మాత్రల కంటే ముందు కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్ వంటివి చూడమనీ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సూచించింది.

నిషేధాలు

కాళ్ళు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరం తోడైనా, కిందపడ్డాక వచ్చిన నొప్పి అయినా నూనెసీసా పక్కనపెట్టి ఆసుపత్రికి పోవాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతుంటే అసలు రుద్దరాదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

తాత్పర్యం

ఓ మనవడా, నడుము నొప్పిగా ఉన్నది, నూనె వెచ్చచేసి మెల్లగా మర్దించి, ఆపైన నీ దారిన నువ్వు పో అని వాచ్యార్థం. కాసేపు నా పక్కన కూర్చో అని వ్యంగ్యార్థం. మా తీర్పు ఇది. నూనె ఏ మతానిదైనా ఒకటే, ఒత్తే చెయ్యి మెత్తగా ఉండాలి. మర్దన నొప్పిని కాసేపు పక్కకు నెడుతుంది, అంతే. ఆ కాసేపట్లో లేచి వసారాలో నాలుగడుగులు నడిస్తేనే ఫలం దక్కుతుంది. మళ్ళీ ముసుగు తన్ని పడుకుంటే ముప్పావుగంట శ్రమా, గరిటెడు నూనే దండగ.