బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ గడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ గడి గారి దివ్యసముఖమునకు,

కాలేజీ రోడ్డులో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుకునే మీ విధేయుడు నమస్కరించి చేసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి. ఇక్కడ ప్రింటర్ క్షేమం, టోనర్ మరీ క్షేమం. టోనర్ క్షేమంలో తమరి చలవ ఎంతుందో నాకు తెలుసు. ఆ సంగతికే వస్తున్నాను.

తమరి దర్శనం సామాన్యులకు దొరికేది కాదు. క్రోమ్‌లో కంట్రోల్ పి నొక్కి, కాపీలూ పేజీలూ దాటుకుని, 'మోర్ సెట్టింగ్స్' అని మూసి ఉన్న తలుపు తెరిచి, పేపర్ సైజు, మార్జిన్లు, స్కేలు అందరినీ పలకరిస్తూ పోతే అట్టడుగున ఖాళీగా కూర్చుని ఉంటారు. పక్కనే ఉండే 'హెడర్స్ అండ్ ఫుటర్స్' గారు మాత్రం ఎవరూ పిలవకుండానే టిక్కు పెట్టుకుని వచ్చి, ప్రతి కాగితం మీదా తేదీ, వెబ్ అడ్రసు వేసి పోతారు. ఆ అడ్రసు కావాలని ఈ కౌంటర్ దగ్గర ఒక్కరూ అడగలేదు. తమరికి టిక్కు పెట్టకపోతే మాత్రం పేజీ వెనకున్న రంగులు కాగితం మీద పడవు; ఆ రంగులేవని అడగని వాళ్లు తక్కువ.

మీ పూర్వీకులు పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇంతకంటే ఘనంగా ఉండేవారు. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, చాంతాడంత జాబితా దిగితే తప్ప కనపడేవారు కారు. దాక్కోవడం మీ వంశంలోనే ఉందని సరిపెట్టుకున్నాను.

నేను తమరికి చేసిన సేవ తక్కువేం కాదు. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేయగానే ముందు తమరికే టిక్కు పెడతాను. కానీ కస్టమర్ల పాస్‌వర్డులు నా దగ్గర మిగలకూడదని గెస్ట్ విండో తెరుస్తాను కదా, అక్కడ తమరికి నా ముఖం గుర్తుండదు. మళ్లీ మొదటికే.

మొన్న ఒకమ్మాయి అప్లికేషన్ ప్రింట్ తీయించుకుంది. తెర మీద నీలం పట్టీలో తెల్ల అక్షరాల హెడింగు, పైన ముద్ర, కుడివైపు ఫొటో. కాగితం మీద పట్టీ లేదు, ముద్ర లేదు. ఫొటో మాత్రం నిక్షేపంగా పడింది. "అన్నా, ఫొటో వచ్చింది, ముద్ర ఏది? మీ ప్రింటర్ ఖరాబైందా?" అంది. ఫొటోను పేజీలో బొమ్మగా పెట్టారమ్మా, ముద్రను వెనకాల బ్యాక్‌గ్రౌండ్‌గా పరిచారు, ఈ గడి గారు వెనకున్న వాళ్లను లోపలికి రానివ్వరు అని నేనెలా చెప్పేది? వెనక వరుసగా పదిమంది నిలబడి ఉన్నారు. చూడబోతే ఆ హెడింగు అక్షరాలు బూడిద రంగులో దిగాయి. పట్టీ తీసేస్తే తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు కనపడవని బ్రౌజరే వాటిని ముదురు చేసింది. అంటే ఏం తీసేస్తున్నారో మీకు బాగా తెలుసు! తెలిసీ ఒక్క ముక్క చెప్పరు.

ఇంకో రోజు ఒక సార్ హాజరు పట్టిక తెచ్చారు. వచ్చిన రోజుకు పచ్చ గడి, రాని రోజుకు ఎర్ర గడి. ప్రింటులో అన్నీ తెల్లగడులే. ఏడాదంతా ఎగ్గొట్టినవాడూ, ఒక్క రోజూ మానని వాడూ తమరి దయవల్ల సమానమయ్యారు.

ఇంకు ఆదా కోసమంటారు. ఒప్పుకుంటాను. నాలుగు లైన్ల వంటకం కోసం నల్లటి పేజీ మొత్తం అచ్చయితే మునిగేది నేనే. కానీ ముద్ర పడలేదని అదే పేజీ రెండోసారి తీస్తున్నాను, మొదటిది చిత్తుకాగితం అవుతోంది. ఇదేం ఆదా? పోనీ, పీడీఎఫ్‌గా దాచుకుందామన్నా టిక్కు తీసేసే కూర్చుంటారే! అక్కడ ఎవరి ఇంకు మిగులుస్తున్నారు? నాకైతే ఇది పొదుపులా లేదు, పాత అలవాటులా ఉంది.

పేజీలు తయారుచేసే బాబులకూ ఇందులో వాటా ఉంది. కాగితానికి వేరే ముస్తాబు రాసుకునే వీలు 1998లో, వెబ్ పేజీల ముస్తాబు భాష సీఎస్ఎస్ రెండో వెర్షన్‌తోనే వచ్చింది. 'ప్రింట్ కలర్ అడ్జస్ట్' అనే లైనులో 'ఎగ్జాక్ట్' అని రాస్తే, తమరికి టిక్కు లేకపోయినా క్రోమ్ ఆ రంగులు అచ్చేస్తుంది. రాయకపోతే 'ఎకానమీ' అనే లెక్క. చాలాకాలం పాటు క్రోమ్, ఆ పేరుకు ముందు 'వెబ్‌కిట్' అని ఇంటిపేరు తగిలిస్తేనే ఆ మాట వినేది. ముద్రనైనా మామూలు బొమ్మగా పెడితే ఈ గొడవే లేదు.

కాబట్టి అయ్యా, ఆ అట్టడుగు నుంచి పైకెక్కి కాపీల వరుస పక్కకు వచ్చి కూర్చోండి. పీడీఎఫ్ అన్నప్పుడు మీ అంతట మీరే టిక్కు పెట్టుకోండి. లేదా, ఈ పేజీలో రంగులు తీసేస్తున్నానని ప్రివ్యూలో ఒక్క లైను వేయండి, చాలు. అప్పటిదాకా రెండోసారి తీసిన కాగితాల డబ్బు కస్టమర్లను అడగను, మీ ఖాతాలో రాస్తాను. ఎప్పుడు కడతారో తెలియజేయగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
జిరాక్స్ షాపు యజమాని