గురువుగారి నక్షత్రం

అమెరికా జాతీయ రేడియో ఖగోళ వేధశాలను నడిపే సంస్థ రాబర్ట్ ఎల్. బ్రౌన్ పేరిట ఏటా ఓ ఉత్తమ పీహెచ్‌డీ థీసిస్‌కు అవార్డు ఇస్తుంది. ఇవ్వనివ్వండి, మంచిదే. కుర్రవాళ్లకు కుర్రవాళ్ల బహుమతులంటూ ఉండాలి. లేకపోతే పెద్దవాళ్ల బహుమతుల వైపు చూసే ప్రమాదముంది.

రేడియో ఖగోళశాస్త్రంలో ఆనవాయితీ అలాంటిది మరి. శిష్యులు బుద్ధిగా కష్టపడితే థీసిస్ అవార్డు వాళ్లది. ఆకాశం దద్దరిల్లే పని చేశారో, నోబెల్ గురువుగారిది.

కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే రీసెర్చి విద్యార్థిని తోటివాళ్లతో కలిసి సుత్తి పట్టి, గుంజలు పాతి, తీగలు లాగి నాలుగెకరాల పైచిలుకు టెలిస్కోపు కట్టింది. ఆ తర్వాత అది రోజూ కక్కే దాదాపు వంద అడుగుల చార్టు కాగితాన్ని కళ్లతోనే చదివింది. 1967 ఆగస్టులో ఆ కాగితం మీద పావంగుళం మేర ఏదో గజిబిజి. మామూలు నక్షత్రమూ కాదు, రోడ్డు మీది బండ్ల గోలా కాదు. చూడనట్టు వదిలేస్తే అడిగే నాథుడు లేడు. ఆవిడ వదల్లేదు. నవంబరులో కాగితం వేగం పెంచి చూస్తే 1.3 సెకన్లకోసారి తప్పకుండా ఒక గీత. ఫోన్ చేసి చెబితే, గైడు ఆంటనీ హ్యూయిష్ ‘అయితే అది మనుషులు పుట్టించిందే’ అని తేల్చేశారు. మర్నాడు స్వయంగా వచ్చి చూశారనుకోండి.

అలా లెక్క తప్పకుండా గీతలు గీయించే నక్షత్రాలే పల్సార్లు. వాటిని కనిపెట్టడంలో కీలక పాత్ర పోషించినందుకు 1974లో ఆయనకు, మార్టిన్ రైల్‌తో కలిపి, నోబెల్ ఇచ్చారు. ప్రశస్తిలో ఆ ఫోన్ కాల్ ఊసు లేదు. ఆవిడను విలేఖరులు మరిచిపోలేదు లెండి. ఖగోళ రహస్యాలు ఆయన్ని అడిగారు, నడుం కొలతలూ బాయ్‌ఫ్రెండ్ల లెక్కా ఆవిడను అడిగారు.

పోనీ ఉత్తమ థీసిస్ బహుమతైనా వచ్చేదా? ఆవిడ థీసిస్ రేడియో జనకాల వ్యాసాలు కొలవడం గురించి. పల్సార్లు చివరి అనుబంధంలో ఉన్నాయి. కమిటీవారు అక్కడిదాకా చేరేసరికి కాఫీ వేళయ్యేది.

విద్యార్థులకిస్తే నోబెల్ విలువ తగ్గుతుందని ఆవిడే అన్నారుగా అంటారు సమర్థకులు. అన్నారు, నిజమే. వండినమ్మ ‘నాకు ఆకలిగా లేదు’ అనగానే విస్తరి తీసెయ్యడం మనకేమైనా కొత్తా?

ఆ 1974లోనే అరెసిబో రేడియో టెలిస్కోపు దగ్గర రసెల్ హల్స్ అనే విద్యార్థి జంట పల్సార్‌ను పట్టాడు. 1993లో గైడు జోసెఫ్ టేలర్‌తో పాటు అతనికీ నోబెల్ ఇచ్చారు. నోబెల్ విలువ వీసమెత్తు తగ్గలేదు. హల్స్ అప్పటికే ఖగోళశాస్త్రం వదిలేసి ప్రిన్స్‌టన్‌లో ప్లాస్మా పరిశోధన చేసుకుంటున్నాడు కాబట్టి, ఎవరి కుర్చీకీ ఇబ్బంది కూడా లేదు.

బుద్ధొచ్చిందనుకునేరు. 2007లో లోకానికి తెలిసిన తొలి మెరుపు రేడియో విస్ఫోటం (ఫాస్ట్ రేడియో బర్స్ట్) దొరికిన పాత డేటాను జల్లెడ పట్టింది ఓ డిగ్రీ విద్యార్థి. పేపర్లో అతనిది నాలుగో పేరు. 2023లో షా బహుమతి మొదటి ముగ్గురికీ అందింది. సొమ్మొకడిది, సోకొకడిది.

2018లో జోసెలిన్ బెల్ బర్నెల్‌కు ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతి వచ్చింది, 30 లక్షల డాలర్లు. మొత్తం డబ్బు భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసే మహిళలకు, మైనారిటీలకు, శరణార్థులకు స్కాలర్‌షిప్పుల కింద ఇచ్చేశారు. ఆ విద్యార్థులందరికీ గైడ్లున్నారు.