లింబాయత్ గోడ కాగితానికి రింగ్‌రోడ్డీయ వ్యాఖ్య

మూలం

ఒకే చేతి బండి. ఇంటి వాడకం. సీఎన్‌జీ. మంచిగ ఇస్తది. ఒక్క పైసా పని లేదు. ఊరికి పోతున్నందుకు అమ్ముతున్న. చూసినోళ్లే ఫోన్ చెయ్యాలె.

అవతారిక

సూరత్‌లో ఉధనా దగ్గర లింబాయత్ అని ఒక పేట ఉంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన పద్మశాలీలు అక్కడ తరాలుగా సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నారు. కూలి మీటరు లెక్క. ఇంట్లో తెలుగు, సేఠుతో గుజరాతీ, పోలీసుతో హిందీ. ఆ పేటలో మనవాళ్ల కిరాణాకొట్టు గోడ మీద, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితంపై, నీలిసిరాతో పై గద్యం కనిపించింది. కింద ఫోను నంబరు. కవి పేరు లేదు. బండి పేరూ లేదు.

బండి పేరు చెప్పకపోవడం దోషమని తొందరపడరాదు. మేఘసందేశంలో కాళిదాసు యక్షుడి పేరు చెప్పాడా? ఎవడో ఒక యక్షుడన్నాడు, కావ్యం నడిచిపోయింది. ఆ కావ్యానికి సంజీవని అనే వ్యాఖ్య రాసినవాడు మన మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి. ఆయనే కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం, అంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ పోయే రాచబాట. అంత మంచి పేరు ఆయన వాడేసుకున్నాక నాకు మిగిలింది సూరత్ రింగ్‌రోడ్డు. ఏనుగుల స్థానంలో చీరల మూటలు మోసే టెంపోలు, గంటల స్థానంలో హారన్లు. కాబట్టి ఇది రింగ్‌రోడ్డీయం.

శంకలు అడిగే పూర్వపక్షి మా బావమరిది. చెడిపోయిన సాంచెలు బాగుచేయడం ఆయన పని. ఆయనకు బండి కొనాలని ఉంది, నాకు కాగితం చదవాలని ఉంది.

ఒకే చేతి బండి

ఒక్క యజమాని కింద మాత్రమే ఉన్నదని అర్థం. చేతికి యజమాని అనే అర్థం లక్షణ వల్ల వచ్చింది. “ఒక్క చేత్తోని నడిపిన బండి అని కాదు గద బావా? ఇంకో చేతిల ఫోను పట్టుకొని?” అని పూర్వపక్షి. సూరత్‌లో ఆ అర్థమూ చెల్లుతుంది గానీ ఇక్కడ ప్రకరణం అమ్మకం కనుక గ్రాహ్యం కాదు.

చేతులు లెక్కపెట్టుకోవలసింది ఆర్‌సీ మీద. ఫారం 29, ఫారం 30 నింపి పేరు మార్పించుకోవాలి. బద్ధకించి అట్లాగే ఇచ్చిపుచ్చుకుంటూ పోతే బండి నాలుగు పేటలు తిరిగినా ఆర్‌సీలో మొదటి ఇంట్లోనే ఉంటుంది. చలానాలు పాత యజమానికి పోతాయి. అంతకన్నా పెద్ద ముప్పు ఒకటుంది. ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అమ్ముకుని మరిచిపోయిన బండికి కూడా కాలేది పాత చెయ్యే.

ఇంటి వాడకం

షష్ఠీ తత్పురుష. ఇంటి యొక్క వాడకం. ఎంత ఇంటి యొక్క? అని శంక. మన దిక్కు ఇల్లంటే మేనత్త కొడుకు, ఊరి నుంచి పనికొచ్చిన పిలగాడు, ఆదివారం గుడికి పోయే పక్కింటి అవ్వ, అందరూను. వెనక సీటు మడిచి చీరల పార్సళ్లు వేసుకుని తిరిగిన బండిదీ ఇంటి వాడకమే, ఆ చీరలకు లేసు కుట్టింది ఇంట్లో ఆడవాళ్లే కదా.

కనుక వ్యాఖ్యాత సూచన: మీటరు కంటే ముందు బ్రేకు పెడలు రబ్బరు చూడాలి. ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి రబ్బరు అద్దంలా నున్నబడదు. టైరు పక్కన నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం పుట్టిన టైరు. బండి వయసు, టైరు వయసు, మీటరు, ఈ మూడూ ఒకే కథ చెప్పకపోతే మూలంలో ప్రక్షిప్తం ఉన్నట్టే.

సీఎన్‌జీ

బీజాక్షరాలు మూడు. హజీరాలో ఓఎన్‌జీసీ వారి గ్యాసు ప్లాంటు కూతవేటు దూరాన ఉన్న ఊరిలో ఈ మంత్రానికి మహిమ ఎక్కువ. మంత్రసిద్ధికి మాత్రం ఆటోల వెనక వరుసలో నిలబడాలి. నింపేటప్పుడు బండిలోవాళ్లంతా దిగాలి, గుడికి పోయే అవ్వతో సహా. గ్యాసు 200 బార్ల ఒత్తిడిన నింపుతారు. పంపులో ఒత్తిడి తగ్గిన పూట బండి అర్ధాకలితో బయటికొస్తుంది. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి. కవి ఆ తేదీ చెప్పలేదు. ఇది మౌనం వల్ల కలిగిన ధ్వని.

డిక్కీ సంగతి వేరే చెప్పాలి. పెద్ద సిలిండరు పడుకున్నాక అక్కడ గొడుగు తప్ప ఏదీ పట్టదు. టాటావారు 2023లో ఒక్క పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పరిచి చోటు కొంత కాపాడారు. అది నాకు నచ్చిన ఉపాయం. మిగతావాళ్లు సంక్రాంతికి సకినాల డబ్బాతో వరంగల్ పోవాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్సే దిక్కు. మల్లినాథుడిది సంజీవని, మనది నవజీవన్.

మంచిగ ఇస్తది

కావ్యానికి ప్రాణం ఈ వాక్యమే. ఇచ్చు ధాతువుకు కర్త కావాలి, కర్మ కావాలి, పుచ్చుకునేవాడు కావాలి. కవి ముగ్గురినీ లోపింపజేశాడు. కర్త బండి. కర్మ కిలోమీటర్లు. ఎవరికి ఇస్తుంది? “కొన్నోనికే” అంటాడు పూర్వపక్షి. పంపువాడికని నా సిద్ధాంతం. అయినా ఈ దేశంలో కారు చూసిన ప్రతివాడూ మొదట అడిగేది ఈ ధాతువుతోనే: ఎంతిస్తది?

కంపెనీలు చెప్పే అంకెలు చూద్దాం. కిలో గ్యాసుకు వ్యాగన్ ఆర్ ఒక లీటరు ఇంజను 34.05 కిలోమీటర్లు, స్విఫ్ట్ 32.85, టాటా పంచ్ 26.99, ఏడుగురు కూర్చునే ఎర్టిగా 26.11. ఈ అంకెలు పుట్టింది ప్రయోగశాలలో. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ కట్టేసి, ముందే రాసిపెట్టిన వేగాల్లో నడిపి కొలుస్తారు. ఆ రోలర్ల మీద ఉధనా దర్వాజా లేదు, సహారా దర్వాజా దగ్గర అడ్డం తిరిగిన టెంపో లేదు. నా లెక్క మోటుది: నాలుగో వంతు కొట్టేసి మిగిలింది నమ్ముతాను.

“అయినా పెట్రోల్ కంటె లాభమే గద?” అని శంక. లెక్క వేద్దాం. పెట్రోలు లీటరు 95 రూపాయలు, గ్యాసు కిలో 80 అనుకుందాం. ఊళ్లో పెట్రోలు బండి 17 ఇస్తే కిలోమీటరుకు 5 రూపాయల 60 పైసలు. గ్యాసు బండి 25 ఇస్తే 3 రూపాయల 20 పైసలు. మిగులు 2 రూపాయల 40 పైసలు. కొత్త బండి గ్యాసుతో కొంటే అదనంగా 90 వేలు పెట్టామనుకుంటే, అది తిరిగి రావడానికి 37,500 కిలోమీటర్లు నడవాలి. నెలకు వెయ్యి తిరిగేవాడికి మూడేళ్ల పైచిలుకు. మా బావమరిది కార్ఖానాకు నడిచి పోతాడు. కారు బయటికి తీసేది గుడికి, పెళ్లికి, ఆదివారం డుమస్ సముద్రానికి. నెలకు 300 దాటదు. ఆయనకు పదేళ్ల ఐదు నెలలు పడుతుంది.

ఇది విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మీటరు లెక్కన కూలి నడిచే పేటలో మనిషి గదా, తనే తేల్చాడు: “ఆ తొంభై వేలు మొదటి చెయ్యి కట్టిండు గద బావా. మనం రెండో చెయ్యి.” ఇది సరైన అన్వయం. ఒప్పుకున్నాను.

మైలేజీ ఒక్కటే ఖర్చనుకోవడం అవ్యాప్తి దోషం. బండి కదలకపోయినా తింటుంది. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1000 సీసీ దాటని సొంత కారుకు థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 2,094 రూపాయలు. ఆ గీత దాటి 1500 సీసీ లోపు ఉంటే 3,416. ఒకే వ్యాగన్ ఆర్ రెండు ఇంజన్లతో వస్తుంది, ఒకటి గీతకు ఇటు, ఒకటి అటు. ఏడాదికి 1,322 రూపాయల తేడా, పన్ను కాక. కొనేటప్పుడు రంగు గురించి గంట మాట్లాడినవాళ్లు సీసీ గురించి అర నిమిషం మాట్లాడరు.

రంగంటే గుర్తొచ్చింది. కవి అందం గురించి ఒక్క ముక్క రాయలేదు. చీరల ఊళ్లో ఇది వింత. రింగ్‌రోడ్డు మార్కెట్‌లో పల్లూ ఎట్లుంది, బార్డరు ఎట్లుంది, మెరుపు ఉతికితే నిలుస్తుందా అని చూసే కళ్లే కారునూ చూస్తాయి. ఆ కళ్లతో చూస్తే 2005లో వచ్చిన స్విఫ్ట్ ఈ తరానికి పెళ్లిచీర, ఇప్పటికీ కుర్రాళ్ల మనసు దాని మీదే. పంచ్‌ది చిన్న ఒంటికి పెద్ద భుజాలు, పహిల్వాన్ తమ్ముడి వాటం. వ్యాగన్ ఆర్ టిఫిన్ డబ్బా. నా తీర్పు మాత్రం డబ్బాకే. పన్నెండు గంటలు సాంచెల మధ్య నిలబడ్డ మోకాళ్లు అందులోకి వంగకుండా ఎక్కుతాయి. అలంకారశాస్త్రంలో దీనికి పేరు లేదు కనుక నేనే పెడుతున్నాను: మోకాలంకారం.

ఒక్క పైసా పని లేదు

శ్లేష. చేయించవలసిన పని లేదని ఒక అర్థం. చేయించిన పని లేదని రెండో అర్థం. సర్వీసు పుస్తకం చూస్తే గానీ ఏ అర్థమో తేలదు.

సూరత్‌లో ఈ వాక్యానికి ఇంకో పరీక్ష నీళ్లది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాము నుంచి వదిలిన నీటికి తాపి నది ఊరి మీద పడి రోజుల తరబడి నిలిచింది. లింబాయత్‌కు తాపి అక్కర్లేదు, మిఠీ ఖాడీ చాలు. పేరు తీపి వాగు, వానాకాలం గొంతులోకి వస్తుంది. మునిగిన బండి తుడిచి పెడితే మెరుస్తుంది. కాబట్టి మ్యాటు ఎత్తి వాసన చూడాలి, సీటు పట్టాల కింద తుప్పు చూడాలి, స్టెప్నీ గుంతలో ఎండిన బురద చూడాలి. నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేయరాదు. ఇంజనులోకి నీరు పోతే లోపల కడ్డీలు వంగుతాయి, మామూలు బీమా ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు.

నమ్మకమైన బండి ఏదంటే మా బావమరిదికి ఒకటే కొలత: పేటలో మెస్త్రీ విప్పగలగాలి, విడిభాగం సాయంత్రానికి దొరకాలి. సాంచెకూ అదే కొలత. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ హర్పాల్ సింగ్ చేతికి తొలి మారుతి 800 తాళం ఇచ్చినప్పటి నుంచి ఆ కంపెనీ గెలుస్తున్నది ఈ పాయింటు మీదే. అయితే ఎవరూ అడగని మాట ఒకటి వ్యాఖ్యాత అడగాలి: గుద్దుకుంటే? గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2023లో వ్యాగన్ ఆర్‌కు పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రం వచ్చింది. టాటా నెక్సాన్‌కు 2018లోనే ఐదు, పంచ్‌కు 2021లో ఐదు. మారుతివారి కొత్త డిజైర్ 2024లో ఐదు తెచ్చుకుంది. నా మోకాలంకారానికి ఇది గట్టి దెబ్బే. హైవే ఎక్కేవాడైతే నా తీర్పు పంచ్‌కు మార్చుకుంటాను.

ఊరికి పోతున్నందుకు అమ్ముతున్న

వానకు సిరా పాకి, ‘కి’ దగ్గర గుడి కాస్త ఏత్వంలా కనిపిస్తున్నది. ‘ఊరికే పోతున్నందుకు’ అని పాఠాంతరం. “ఊరికే ఎవలన్న అమ్ముతరా?” అని పూర్వపక్షి. ఈ ఊళ్లో కార్లు ఊరికే వచ్చిన రోజులున్నాయి. 2014 దీపావళికి హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ యజమాని సవ్‌జీ ఢోలకియా తన వజ్రాల పనివాళ్లకు 491 కార్లు బహుమతిగా ఇచ్చాడు. 2018లో 600. వజ్రం సానపట్టే చేతులవి. నేసే చేతులకు దీపావళికి మిఠాయి డబ్బా వస్తుంది.

‘ఊరికి’ అనేదే సాధుపాఠమని నా నిర్ణయం. 2017లో జీఎస్టీ వచ్చాక పాత సాంచెలు ఎన్నో కిలోల లెక్కన పాతఇనుముకు పోయాయి. వాటర్‌జెట్ మగ్గం ఒక్కటి వస్తే పాత సాంచెలు కొన్ని మూలన పడతాయి. ఊరికి పోయేవాడు జీజే 05 బండి తీసుకుపోతే ఎన్‌వోసీ తేవాలి, తెలంగాణలో మళ్లీ జీవితపన్ను కట్టాలి. ఇక్కడే అమ్ముకోవడం తేలిక. బేరమాడేవాళ్లు ఈ వాక్యాన్ని అబద్ధమని కొట్టేస్తారు. నేను కొట్టెయ్యలేదు. ‘అమ్ముతున్న’ దగ్గర కలం ఆగి సిరా చుక్క పడింది.

చూసినోళ్లే ఫోన్ చెయ్యాలె

బండి చూడాలంటే ఎక్కడుందో ఫోన్ చేసి అడగాలి. ఫోన్ చేయాలంటే ముందు చూసి ఉండాలి. దీన్ని తార్కికులు అన్యోన్యాశ్రయ దోషమంటారు. అయినా మా బావమరిది ఫోన్ తీశాడు. తొమ్మిది అంకెలు కొట్టి ఆగాడు. పదోది ఒకటో ఏడో వాన కడిగేసింది. ఒకటి కొడితే ఎవరో ఒడియా ఆయన ఎత్తాడు. ఏడు కొడితే స్విచాఫ్. ఇక్కడ గ్రంథపాతం. పదో అంకె తెలిసినవాళ్లు దయచేసి కిరాణాకొట్టులో చెప్పగలరు.