బ్రేకులు లేని రోజుల బ్రహ్మానందం

ఆదివారం అబిడ్స్‌లో షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఎంసెట్ గైడ్లకీ అట్టలూడిన నవలలకీ మధ్య పాత ఇంగ్లీషు కార్ల పత్రికలు కూడా దొరుకుతాయి. వాటిని ఏరి కొనుక్కుని, దగ్గర్లో ఏ ఇరానీ హోటల్లోనో కూర్చుని తిరగేసే జాతి ఒకటుంది. రెండో ఛాయ్ వచ్చేసరికి ఈ జాతి నోటి వెంట తప్పకుండా ఒక మాట వస్తుంది: "అన్నా, ఇప్పటి స్పోర్ట్స్ కార్లల్ల దమ్ము లేదే. ఏబీఎస్ అంట, ఎయిర్‌బ్యాగులంట, సీట్లకు ఏసీ అంట. అది కారా, పరుపా?"

వీళ్లను దమ్మువాదులందాం. దమ్మువాది సొంతంగా నడిపేది ఆటోమేటిక్ గేర్ల చిన్న కారు. రివర్స్ కెమెరా పాడైతే ఆ రోజు సెల్లార్‌లోంచి బయటికి రాలేడు. అయినా ఫెరారీ ఎఫ్40 ప్రస్తావన వస్తే మాత్రం ఇంజను నట్లు తానే దగ్గరుండి బిగించినట్టు మాట్లాడతాడు.

ఆ కారును తక్కువ చేయలేం. 1987లో వచ్చింది. 478 హార్స్‌పవర్, గంటకు 324 కిలోమీటర్లు. ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, కాళ్ల కింద తివాచీ లేదు. లోపలి నుంచి తలుపు తెరవాలంటే హ్యాండిల్ ఉండదు, ఒక తీగ లాగాలి. ఆ తీగ పేరెత్తితే దమ్మువాది కళ్లు చెమరుస్తాయి.

మరి లెక్క? ఫెరారీ వాళ్లకు ఇటలీలో ఫియొరానో అని సొంత ట్రాక్ ఉంది. చుట్టు దాదాపు మూడు కిలోమీటర్లు. తమ కార్లను అక్కడ తిప్పి టైం రాసిపెడతారు. ఎఫ్40కి పట్టింది 1 నిమిషం 29.6 సెకన్లు. ఏసీ, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, పైగా ఒక బ్యాటరీ, మోటారు కూడా మోసే ఇప్పటి 296 జీటీబీకి పట్టింది 1 నిమిషం 21 సెకన్లు. మూడు కిలోమీటర్లలో ఎనిమిదిన్నర సెకన్ల తేడా. పరుపు ముందు పోయింది, దమ్ము వెనకాల దుమ్ము తింటూ వచ్చింది.

ఈ మాట చెప్పి చూడండి. "టైం కాదన్నా, ఫీలింగ్" అంటాడు. అంతదాకా పోయింది పెర్ఫార్మెన్స్. గడియారం చూపించగానే పోయింది ఫీలింగ్ అయింది. సరే, ఆ ఫీలింగ్ ఏమిటో చూడటానికి ఇటలీ దాకా ఎందుకు, నాంపల్లి చాలు.

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టిన నుమాయిష్ ఇప్పుడు ఏటా జనవరి నుంచి నెలన్నర పాటు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో సాగుతుంది. కశ్మీరీ శాలువలు, మిర్చి బజ్జీలు దాటుకుని ఆటల వైపు పోతే మౌత్ కా కువా కనిపిస్తుంది. చెక్క పలకలతో కట్టిన పెద్ద గుండ్రటి బావి. అడుగు నుంచి మోటారు సైకిళ్లు, వెనకే డొక్కు మారుతి కార్లు గోడెక్కి గిర్రున తిరుగుతాయి. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి, పైనుంచి జనం చాపిన నోట్లు అందుకుంటాడు. హెల్మెట్ లేదు, బెల్టు లేదు. పలకలు దడదడలాడతాయి, సైలెన్సర్ లేని ఇంజను చెవులు బద్దలు కొడుతుంది, పిల్లలు తల్లుల కొంగుల్లో మొహం దాచుకుంటారు. ఇంతా చేసి ఆ బండి వేగమెంత? గోడ పట్టుకుని తిరగడానికి గంటకు నలభై, యాభై కిలోమీటర్లు సరిపోతాయి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద అదే యాభైలో పోతే వెనకవాడు హారన్‌తో ప్రాణం తీస్తాడు, లోపలున్నవాడు ఆవలిస్తాడు.

దమ్మువాది ఇంతకాలం వేగం అనుకున్నది భయాన్ని. బండి ఎంత తొందరగా పోతోందో అతనికి అక్కర్లేదు, ఎంత తొందరగా ప్రాణం పోయేలా ఉందో కావాలి. అదీ పైనుంచి కటకటాలు పట్టుకుని చూడటానికి.

1975 నాటి పోర్షే 911 టర్బో సంగతీ అంతే. 260 హార్స్‌పవర్. టర్బో కాసేపు నిద్రపోయి, సరిగ్గా మలుపు మధ్యలో లేచి తన్నేది. భయపడి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం ముందుకొచ్చేది. దానికి 'విడోమేకర్' అని పేరు పడింది. దమ్మువాది ఆ పేరును బిరుదులా చెప్పుకుంటాడు. పెట్టింది మాత్రం వితంతువులు కారు.

ఫెరారీలు, పోర్షేలు మన నాంపల్లి స్టేషన్ రోడ్డుకు ఎందుకొస్తాయి, వచ్చినా మ్యాన్‌హోల్ మూత దగ్గరే ఆగిపోతాయి. మన దమ్మువాదానికి అసలు ఇలవేల్పు ఆర్ఎక్స్ 100 మోటారు సైకిల్. 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, వంద కిలోల పైచిలుకు బరువు. 2018లో ఏకంగా సినిమాకే ఆ పేరు పెట్టారు. టూ స్ట్రోక్ ఇంజను చటుక్కున లేచేది, కాదనను. రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. వానలో మొజాంజాహీ మార్కెట్ దగ్గర ఆగాలనుకునేవాడు గన్‌ఫౌండ్రీ దగ్గరే దేవుడికి మొక్కుకోవాల్సి వచ్చేది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం బిగుసుకుని జారబోతుంటే సెన్సరు పసిగట్టి, సెకను లోపలే పలుమార్లు బ్రేకు వదిలి పట్టే ఏర్పాటు అది. ఆ పని తన కాలు అంతకంటే బాగా చేస్తుందని దమ్మువాది నమ్మకం. ఆ కాలికి చెప్పు కూడా సరిగ్గా ఉండదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, నాంపల్లికి కూతవేటు దూరంలో, ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు, 322 కిలోమీటర్ల దాకా పోగల కరెంటు కార్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మనవాడు టికెట్ కొని మరీ వెళ్లొచ్చి పెదవి విరిచాడు: "చప్పుడే లేదు, ఇదేం రేసే!"

ఆ కార్లలో డ్రైవరు తల చుట్టూ 'హేలో' అనే చట్రం ఉంటుంది. 2018లో ఫార్ములా వన్‌లో దాన్ని పెట్టినప్పుడు ప్రపంచంలోని దమ్మువాదులంతా గగ్గోలు పెట్టారు. వద్దన్న డ్రైవర్లలో రొమాన్ గ్రోజాన్ కూడా ఉన్నాడు. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో ఆయన కారు ఇనుప కంచెలోకి దూసుకెళ్లి రెండు ముక్కలై మండింది. మంటల్లోంచి మనిషి బతికి బయటికొచ్చాడు. ఆస్పత్రి మంచం మీద నుంచే హేలోకు దండం పెట్టాడు. ఛాయ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

అలాగని కార్ల కంపెనీలు సుద్దపూసలేం కావు. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 బరువు 2,435 కిలోలు. పాతదానికంటే దాదాపు అర టన్ను ఎక్కువ. ఆ బరువు ఎక్కువగా బ్యాటరీదీ మోటారుదీ, ఎయిర్‌బ్యాగులది కాదు. నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి. ఇంతకంటే సిగ్గుమాలిన పని 2011 నాటి ఎం5తోనే మొదలైంది: క్యాబిన్‌లోకి ఇంజను శబ్దం సరిగ్గా రావట్లేదని స్టీరియో స్పీకర్లలో వినిపించారు. ఇంజను పెదాలు కదిపితే స్పీకరు పాడుతుందన్నమాట. ప్లేబ్యాక్ మనకు కొత్త కాదు గానీ కోటి పైచిలుకు పెట్టి కొన్న కారులోనూ అదేనా? ఈ విషయంలో దమ్మువాది తిట్లన్నీ న్యాయమైనవే. కానీ వీటిని వదిలేసి అతను సీటుబెల్టు మీద పడతాడు.

ఇక "అప్పట్లో కార్లంటే మొరటుగా ఉండేవి, సుఖం ఇప్పుడొచ్చిన జబ్బు" అనే చరిత్ర ఒకటుంది. దానికి జవాబు మన అబిడ్స్ పేరు దగ్గరే దొరుకుతుంది. అబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులోని ఆబిద్ నడిపిన దుకాణం వల్ల వచ్చింది. అదే నిజాం రోల్స్ రాయిస్‌కు సిల్వర్ ఘోస్ట్ ఒకటి పురమాయించాడు. కారు వచ్చేసరికి ఆయన లేడు. పసుపుపచ్చ రంగు, పైన గుమ్మటం, వెనక సీటు సింహాసనం. చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడొచ్చు. అది ఊరేగింపు కోసం చేయించిన కారు. నిజాం నవాబును "దీంట్ల దమ్ము లేదు హుజూర్" అన్నవాడెవడూ చరిత్రలో కనిపించడు.

మొన్న మా దమ్మువాది కాలేజీకి పోయే కూతురికి కారు కొనడానికి షోరూంకు పోయాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు. సేల్స్ కుర్రాడు ఇంజను గురించి మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"అవన్నీ తర్వాత తమ్మీ. ఎయిర్‌బ్యాగులెన్ని?"

"ఆరున్నయ్ సార్."

"ఆరేనా? ఏడుది ఏమన్న ఉన్నదా?"