‘ఒక్కటె తీగ’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మనవాడే, మెదక్ సీమలోని కొలిచాల వాడు. మూలంలో లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ గంటం పట్టాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. పైగా ఇక్కడ మూలం నాలుగు పాదాలు, అందులో దాచినది నాలుగు గంటలు. దాచినదాన్ని బయటికి లాగకపోతే టీకా ఎందుకు?

పద్యకర్త తాను గీకునని తానే ఒప్పుకున్నవాడు. ఇంగ్లీషులో ఈ మాటకు మొదట వెర్రివాడని అర్థం. తరువాత అక్కడి జాతరల్లో బతికున్న కోడి తల కొరికి చూపే ఆటగాడికి ఆ పేరు అంటుకుంది. ఇప్పుడు యంత్రాల పిచ్చివాడికి వాడుతున్నారు. తెలుగులో అంత దూరం పోనక్కర్లేదు. రాగి పూత పోసిన బోర్డును బ్లేడుతో గంటల తరబడి గీకేవాడు గీకు, అంతే. కాపురం మలక్‌పేట. ఒక శనివారం ఉదయం పదకొండు గంటలకు, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, వంటింటి వైపు చూడకుండా ఆశువుగా చెప్పిన పద్యమిది. కవీ వ్యాఖ్యాతా ఒకే చొక్కా తొడుక్కుంటారన్న అనుమానం చదువరులకు కలగవచ్చు. దాన్ని తీర్చడం ఈ టీకా పని కాదు.

మూలము

కోఠి దాక వెళ్ళి కొందునొక్కటె తీగ
అయిదు నిముషములకె యరుగుదెంతు
కూర చల్లబడిన గొణుగబోకుము దేవి
ఇదియె చివరిసారి యింతె సుమ్మి

ఛందస్సు

ఆటవెలది. గురువుకు 1, లఘువుకు 0 వేసుకుని గణాలు కట్టడం ఈ కవికి అలవాటు. సూర్యగణాల్లో గలము 10, నగణము 000. రెండో పాదంలో ‘అయిదు నిముషములకె’ మూడు నగణాలూ కలిపి తొమ్మిది సున్నాలు. ఆ హామీ విలువ ఎంతో ఛందస్సే చెబుతోంది.

పాఠాంతరము

కొన్ని ప్రతులలో మొదటి పాదం ‘పార్కులేను కేగి కొందునొక్కటె తీగ’ అని ఉంది. ఇది గ్రాహ్యం కాదు. ‘పా’కూ ‘కొ’కూ యతి చెల్లదు. రెండో కారణం యతి కంటే బలమైనది. సికింద్రాబాదు పార్క్‌లేన్ ల్యాప్‌టాప్‌లకూ ప్రింటర్లకూ ప్రసిద్ధి. విడి తీగ, విడి రెజిస్టర్, విడి ఐసీ కావలసినవాడు గుజరాతీ గల్లీకే పోతాడు. అది కోఠిలో ఉంది. యతీ భూగోళమూ రెండూ కోఠినే కోరుతున్నాయి.

ప్రతిపదార్థము

కోఠి దాక = కోఠి అంటే పెద్ద భవనం. ఇక్కడ బ్రిటిష్ రెసిడెంటు కొలువున్న ఆ భవనం పేరే పేటకు వచ్చింది. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ స్తంభాల మేడ తరువాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. ఇక ‘దాక’. ఇది మర్యాదార్థకమా, అభివిధ్యర్థకమా? అంటే కోఠి పొలిమేర ముట్టి వెనుదిరగడమా, కోఠినంతా కలుపుకుని అవతలి పాతపుస్తకాల ఫుట్‌పాత్‌ను కూడా చుట్టి రావడమా? దేవి మర్యాదార్థం గ్రహించింది. కవి హృదయంలో అభివిధి ఉంది. కాపురాల్లో సగం తగవులు ఈ ‘దాక’ దగ్గరే పుడతాయి.

ఒక్కటె తీగ = సోల్డరింగు తీగ. తగరం, సీసం కలిపి సాగదీసినది, లోపల ఫ్లక్సు ఉంటుంది. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు అయితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, అంతే చప్పున గడ్డకడుతుంది. 60, 40 పాళ్లదైతే మధ్యలో కాసేపు గుజ్జుగా ఉంటుంది. ఆ గుజ్జు క్షణంలో చెయ్యి కదిలిందా, అతుకు మసకబారి పగుళ్లిస్తుంది. ఈ తేడా కవికి తెలుసు. తెలిసి కూడా పది రూపాయలు కలిసొస్తాయని 60, 40దే తెచ్చాడు.

‘ఒక్కటె’ అన్నది చర్చనీయం. సంచీలో తేలినవి ఇవి. తీగ ఒకటి. 555 ఐసీలు పది (విడిగా ఒకటి అడిగితే గల్లీ అన్న కవిని ఎగాదిగా చూశాడు, ఆ చూపుకు పది కొన్నాడు). చిల్లుల బోర్డులు మూడు. మల్టీమీటరు వైర్లు ఒక జత. కెపాసిటర్లు గుప్పెడు, డబ్బా అడుగున చాలా ఏళ్లుగా పడి ఉన్న సరుకు గనుక చవక. ఇవిగాక ఫుట్‌పాత్ మీద మిల్మన్, హాల్కియస్‌ల ఎలక్ట్రానిక్స్ పుస్తకం. ఇంట్లో ఇప్పటికే రెండు ప్రతులున్నాయి. దీంట్లో ఎవరో పరీక్ష ముందురోజు రాత్రి ఎర్ర పెన్నుతో గీసిన గీతలున్నాయి, పైగా నలభై రూపాయలకు వస్తోంది, అందుకని మూడోది.

అయిదు నిముషములకె = ఇది పద్యానికి ప్రాణం. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ రెండోది. మెట్లెక్కి, సంచీ స్కానింగుకిచ్చి, రైలెక్కేసరికే ఆ అయిదూ చెల్లు. మరి కవి అబద్ధమాడాడా? లేదని ఈ వ్యాఖ్యాత మతం. గీకు కాలమానంలో పని మొదలుపెట్టిన క్షణం నుంచే లెక్క. గల్లీలో డబ్బా మూత తీసి కెపాసిటర్ ఏరడం మొదలయ్యాకే గడియారం కదులుతుంది. అప్పటిదాకా గడిచినదానికి కాలమన్న పేరే లేదు.

కూర = గుత్తివంకాయ. చల్లబడిన = చల్లబడినచో. చేదర్థకం వేసి కవి సందేహం నటించాడు, చల్లబడటం తథ్యమని తెలిసీ.

గొణుగబోకుము దేవి = ఇది ఆజ్ఞార్థకం కాదు, ప్రార్థనార్థకం. ఇంట్లో ఈ సంబోధన వాడుకలో లేదు, ‘ఏమే’ అంటాడు. పద్యంలో ‘దేవి’ అన్నాడంటే తప్పు చేయబోతున్నాడని ధ్వని.

వ్యాకరణ విశేషము

‘ఒక్కటె’, ‘నిముషములకె’, ‘ఇదియె’, ‘ఇంతె’. నాలుగు పాదాల పద్యంలో నాలుగు అవధారణార్థకాలు! నిలబడని గోడకే ఇన్ని గుంజలు. మూడో పాదంలో ఒక్కటీ లేదు. అందులో కూర చల్లబడటం గురించి ఉంది గనుక, నిజం గనుక, దానికి ఆసరా అక్కర్లేకపోయింది.

అనుక్త విశేషము

మూలంలో లేని ఇరానీ హోటలు ముచ్చట ఇక్కడ చెప్పాలి. మల్లినాథసూరి క్షమించుగాక. ముగ్గురు మిత్రులు, వన్ బై టూ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. వాళ్లలో ఒకడు ప్రతిసారీ 2018 ఫిబ్రవరి కథ ఎత్తుతాడు. ఆ నెలలో తెలుగు ‘జ్ఞా’ ఐఫోన్లను మూర్ఛపోగొట్టింది. జకారం, విరామం, ఞకారం, తరువాత కంటికి కనబడని ఒక విడదీత సంకేతం, ఆపైన దీర్ఘం. ఈ వరసలో వచ్చిన సందేశం తెరిస్తే చాలు, సందేశాల యాప్ కూలేది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దిద్దారు. ‘మన జ్ఞానాన్ని భరించలేకపోయిందిరా’ అని మిత్రుడు బల్ల గుద్దుతాడు, సాసర్లో చాయ్ ఒలుకుతుంది, అందరూ మొదటిసారి విన్నట్టే నవ్వుతారు. ఒకడు మాత్రం, ఆ కనబడని సంకేతం లేకుండా మామూలుగా కొట్టిన ‘జ్ఞా’తో ఏమీ కాదని దిద్దుతాడు. ఆ ఒకడు ఎవరో చెప్పనక్కర్లేదు. ఈ దిద్దుబాటుకు నలభై నిమిషాలు.

ప్రయోజన విచారము

ఇంతకీ తీగ ఎందుకు? అంతకుముందు వారం దేవి ఒక ప్రశ్న వేసింది. ‘మీ అయిదు నిమిషాలంటే ఎంతండీ, సరిగ్గా?’ మామూలు మొగుడు నవ్వి ఊరుకుంటాడు. గీకు దాన్ని ఇంజినీరింగ్ సమస్యగా తీసుకున్నాడు. బొత్తాం నొక్కితే ఎర్రదీపం వెలిగి, సరిగ్గా అయిదు నిమిషాలకు ఆరిపోయే యంత్రం కట్టి ఇస్తానన్నాడు. ఫోన్లో ఆ సదుపాయం ఉంది కదా అని అడగరాదు. బజార్లో ఆవకాయ దొరుకుతుండగా ఇంట్లో ఎందుకు పెడుతున్నారని ఎవరూ అడగరు గదా.

యంత్రానికి గుండె 555 ఐసీ. 1972లో సిగ్నెటిక్స్ కంపెనీ బజారులోకి తెచ్చింది, రూపకర్త హాన్స్ కామెంజిండ్. దాని పేరు మీద పాత తగవు ఒకటుంది. లోపల 5 కిలో ఓముల రెజిస్టర్లు మూడు వరసగా ఉన్నాయి గనుక 555 అని పూర్వపక్షం. కాలేజీల్లో ఇప్పటికీ ఇదే చెబుతారు. ఆ అంకెను కంపెనీలో ఒకాయన ఊరికే ఎంచాడని స్వయంగా కామెంజిండ్ చెప్పాడు. అది సిద్ధాంతం. కానీ పూర్వపక్షం ఎంత ముద్దుగా ఉందంటే, వదులుకోబుద్ధి కాదు.

లెక్క సులువు. రెజిస్టర్ విలువను కెపాసిటర్ విలువతో గుణించి, దాన్ని 1.1తో గుణిస్తే సెకన్లు వస్తాయి. 1 మెగా ఓము, 270 మైక్రోఫారడ్లు పెట్టుకుంటే 297 సెకన్లు, అయిదు నిమిషాలకు మూడు సెకన్లు తక్కువ. కాగితం మీద. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద ముద్రించిన విలువ నూటికి ఇరవై అటూ ఇటూ ఉండవచ్చు. అంటే అదే అయిదు నిమిషాలు నాలుగైనా కావచ్చు, ఆరైనా కావచ్చు. పాతబడ్డ కెపాసిటర్‌కు ఇంకో జబ్బు, లీకేజీ. పెద్ద రెజిస్టర్ గుండా బొట్టుబొట్టుగా వచ్చే కరెంటు వచ్చినట్టే కారిపోతుంటే, కుండ ఎన్నటికీ నిండదు. సరఫరా వోల్టేజీలో మూడింట రెండు వంతులకు చేరితేగాని ఐసీ దీపం ఆర్పదు.

తాత్పర్యము

ఓ దేవీ, పోయి వస్తాను.

శేషము

కవి మూడుంపావుకు ఇల్లు చేరాడు. కూర చల్లబడింది. అన్నం మీద మూత ఉంది, మూత మీద ‘పెట్టుకు తినండి’ అని చీటీ ఉంది. రాత్రికి యంత్రం తయారైంది, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అతికించాడు. మర్నాడు పాలప్యాకెట్ తేవడానికి కవి గడప దాటగానే దేవి బొత్తాం నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

అది వెలుగుతూనే ఉంది. పాత సరుకు కెపాసిటర్ లీకవుతోందని, యంత్రం చెడిందని కవి వాదం. సరిగ్గానే పనిచేస్తున్నదని దేవి వాదం.