ఏ ఊరి పిల్లోడు

2025 నవంబరులో మన ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులోని ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి మా కడప జిల్లా పిల్ల, ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) ఉద్యోగి కూతురు. ఆ ఊపులో వచ్చిన సంక్రాంతికి జమ్మలమడుగులో టోర్నీ పెడితే గ్రౌండు చుట్టూ నిలబడే చోటు లేదు.

ముఖ్య అతిథి పులివెందుల పెద్దాయన. కప్పు ఖర్చంతా ఆయనదే. కొడుకు కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. మనవరాలు అక్కడ జూనియర్ క్రికెట్ ఆడుతుంది. పెద్దాయన ఏడాదిలో సగం అక్కడే ఉంటారు. మైకు అందుకుని ఆయన శామీ లీ కథ చెప్పారు.

కొరియా నుంచి వలసపోయిన దంపతులకు 1920లో కాలిఫోర్నియాలో పుట్టినవాడు శామీ లీ. డైవింగ్ అంటే ప్రాణం. కానీ పసడీనా ఈతకొలనులోకి తెల్లవాళ్లు కానివాళ్లను వారానికి ఒక్కరోజే రానిచ్చేవారు. వాళ్లు ఈదిపోయాక ఆ నీళ్లు తోడేసి కొత్త నీళ్లు నింపేవారు. మిగతా రోజుల్లో శామీ లీ ఇసుక గుంతలోకి దూకి సాధన చేశాడు. 1948లో లండన్‌లో, 1952లో హెల్సింకీలో 10 మీటర్ల ప్లాట్‌ఫాం పోటీలో అమెరికాకు బంగారు పతకాలు తెచ్చాడు. డాక్టరు, పైగా సైన్యంలో పనిచేసినవాడు. అయినా 1955లో గార్డెన్ గ్రోవ్‌లో ఇల్లు కొనబోతే, తెల్లవాడు కాదని అమ్మలేదు.

"రెండు బంగారు పతకాలు తెచ్చినా వాళ్లకు పరాయోడే అయినాడయ్యా!" అన్నప్పుడు పెద్దాయన గొంతు జీరపోయింది. అది నటన కాదు. ఆ బాధ నిజమైనదే.

"ఇప్పుడు కాలం మారింది. 2023లో దక్షిణాఫ్రికాలో అండర్-19 ఆడపిల్లల ప్రపంచ కప్పు జరిగితే, అమెరికా పంపిన 15 మందీ మన సంతతి పిల్లలే. కెప్టెన్ ఎవురు? కొడాలి గీతిక! ఐసీసీ రూలు ఏం చెప్తాది? ఆ దేశంలో పుట్టకపోయినా, పాస్‌పోర్టు లేకపోయినా, మూడేండ్లు ఆడ కాపురముంటే సాలు, ఆ దేశానికి ఆడొచ్చు. ఆట ఆడేటోణ్ని నీది యా ఊరని అడగగూడదు."

చప్పట్లు ఆగలేదు. నేనూ కొట్టాను.

సెమీఫైనల్ ప్రొద్దుటూరుకీ పులివెందులకీ పడింది. ప్రొద్దుటూరు తరఫున కొత్త బంతి వేసింది పదహారేళ్ల బక్కపల్చని కుర్రాడు. తండ్రి బెంగాల్ నుంచి వచ్చిన బంగారు పనివాడు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారే, ఆ పేరు వెనక ఇలాంటి పనివాళ్ల కళ్లూ వేళ్లూ ఎంత అరిగిపోయాయో నగ కొనేవాళ్లు తలుచుకోరు. కుర్రాడు రెండు ఓవర్లలో మూడు వికెట్లు తీశాడు.

పులివెందుల కెప్టెన్ కమిటీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఆ పిల్లోడు లోకల్ గాదు, బెంగాలీ. ఊరోళ్లే ఆడల్లని రూలుండాది గదా!"

ప్రొద్దుటూరు వాళ్లు ఆధార్ కార్డు తెచ్చి చూపించారు. అందులో అడ్రసు ప్రొద్దుటూరే. కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి, "నేను ప్రొద్దుటూరులోనే పుట్టినా సార్. ఆన్నే సదువుకుంటాండా. నాకు యారే ఊరు లేదు" అన్నాడు. యాస మా అందరిదీ ఎట్లుంటుందో అట్లే ఉంది.

కమిటీ వాళ్లు తేల్చుకోలేక పెద్దాయన వైపు చూశారు. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేశారు.

"ఈడ పుట్టినంత మాత్రాన మనోడు అయిపోతాడా నాయనా? వాళ్ల నాయన యాడోడో సూడల్ల గదా. పక్కన కూచోబెట్టండి."

కూచోబెట్టారు. ప్రొద్దుటూరు ఓడిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దాయన ఫోనులో మనవరాలి ఫోటో చూపించారు. ఒంటిమీద కాలిఫోర్నియా జట్టు జెర్సీ.

"అక్కడే పుట్టిందా?" అని అడిగాను.

"ల్యా, పులివెందులలోనే. నాలుగేండ్లప్పుడు తీస్కపోయినారు. ఆ పిల్ల నాయన యాడోడని ఆడ ఒక్కరన్నా అడిగింటే ఒట్టు" అన్నారు పెద్దాయన.